గౌరి మెడలోని గంట

నేను ఒక కంచు గంటను. గౌరి అనే గేదె చనిపోయిన రోజున నన్ను దాని మెడ నుంచి విప్పి పాక గుంజకు తగిలించారు. అన్నేళ్లు మోగిన నాకు ఆ రోజే నిశ్శబ్దం తెలిసింది.

నన్ను పోతపోసిన కంచరి చెవి దగ్గర పెట్టుకుని విని, తల ఊపాడు. అబ్బులు తండ్రి నన్ను కొని గౌరికి కట్టాడు. రోజూ ఉదయం గేదెలు గోదావరి పాయ ఈది, నది మధ్యనున్న లంకలోకి మేతకు వెళ్లేవి. ముందు గౌరి, వెనుక మంద. కుడితి తొట్టి దగ్గరా అంతే. గౌరి మూతి తీశాకే మిగతావి తాగేవి. అది దేన్నీ కుమ్మగా నేను చూడలేదు. తల తిప్పితే చాలు, మిగతావి పక్కకు జరిగేవి.

పాకలోంచి వంటింటి వసారా కనిపించేది. అక్కడా ఒక వరుస ఉండేది. మొదటి కంచం ఇంటి యజమాని అబ్బులుది. ఆఖరిది, చనిపోయిన అతని తమ్ముడి భార్య నూకరత్నానిది. గేదెలను లంకకు తోలేది ఆమే.

గౌరి పోయాక, సంతలో కొన్న బలిసిన గేదెకు నన్ను కట్టబోయాడు అబ్బులు.

“బావగారూ, మందంతా ఒంటికొమ్ము గేదె వంకే చూత్తందండి,” అంది నూకరత్నం.

“ఆ బక్కదానికి గంట కడితే మెడ ఇరుగుద్ది. మనం దేనికి కడితే అదే పెద్దది.”

నేనూ అలాగే అనుకున్నాను.

ఆ వానాకాలం ఒక మధ్యాహ్నం పాయ పొంగింది. మందా, నూకరత్నమూ లంకలో ఉన్నారు. కొత్త గేదె నీళ్లు చూసి ఆగిపోయింది. దాని మెడలో నేనెంత మోగినా ఒక్కటీ కదల్లేదు. అవతలి ఒడ్డున అబ్బులు అరుస్తున్నాడు. అప్పుడు ఒంటికొమ్ముది వచ్చి, నీటిని వాసన చూసి, ఎగువకు కొంత నడిచి దిగింది. నూకరత్నం దాని తోక పట్టుకుంది. మందంతా వెనకే దిగింది. కొత్త గేదె ఆఖరున ఈదింది. నేను నీళ్లలో మునిగి, మూగగా ఒడ్డు చేరాను.

“అన్నీ వచ్చినట్టేనా, రత్నం?”

“అన్నీ వచ్చాయండి.”

అబ్బులు నన్ను విప్పి ఆమె చేతిలో పెట్టాడు. “నువ్వే కట్టమ్మా. నీ మాట ఇనాల్సింది.”

ఇప్పుడు ఒంటికొమ్ముదాని మెడలో ఉన్నాను. గౌరి గుర్తొస్తూనే ఉంటుంది. అయినా మళ్లీ మోగుతున్నాను. ఈ బక్క మెడకు రుణపడి ఉన్నాను. తొట్టి దగ్గర ముందు ఇదే తాగుతుంది.

వసారాలో మాత్రం నూకరత్నం ఇంకా అందరూ తిన్నాకే తింటోంది.