ఎడమచెంప అరిగిన గేరు

గేరు చేతిలో పెడితే అది ఏ కారుదో చెప్పలేనివాడు కూడా అమలాపురంలో మేస్త్రీ అని బోర్డు కట్టేస్తుంటే నాకు ఒళ్ళు మండిపోయేది. పళ్ళు లెక్కపెట్టేసి "ఆ, ఇదేనండీ" అనేసేవారు. ఆ మాత్రం లెక్క ఒకటో తరగతి పిల్లాడు కూడా పెడతాడు, దానికి మేస్త్రీ ఎందుకు?

నా పద్ధతి వేరు. ముందు నడిమి కంత చూస్తాను, నున్నగా ఉందా, లోపల గాడులున్నాయా అని. తరవాత గేరుకి ఒక పక్కనే పొడుచుకొచ్చే మెడ, పళ్ళ అంచులు ఏవైపు చెక్కి ఉన్నాయో అదీ. ఆఖర్న అరుగుదల. కారు ముందుకే పోతుంది కనక పంటికి ఒక చెంపే అరుగుతుంది, రెండోది కొత్తదానిలా ఉండిపోతుంది. ఆ చెంప చూసి గేరు ఎటు తిరిగిందో చెప్పగలిగేవాణ్ణి కోనసీమ మొత్తానికి నేనొక్కణ్ణే. ఆ సంగతి కూడా నేనే చెప్పుకునేవాణ్ణనుకోండి.

డెబ్భై ఆరులో బుల్లబ్బాయి కారు నా షెడ్డులో పడింది. అతనిది ఉప్పలగుప్తం, పడవల మీద బతికే కుటుంబం. ముప్ఫై ఎనిమిది నాటి ఇంగ్లీషు కారొకటి సంపాదించి, ముక్తేశ్వరం రేవులో దిగిన జనాన్ని అమలాపురం చేర్చేవాడు. ఇంట్లో అయిదుగురి తిండీ దాని మీదే. దాని రెండో గేరు పళ్ళు రాలిపోయాయి. మద్రాసు దాకా ఉత్తరాలు రాశాను, లేదన్నారు. గేరు దొరక్కపోతే కారు పాత ఇనుము కొట్టుకి పోవాల్సిందే.

పది రోజులకి బుల్లబ్బాయి గోనెపట్టాలో ఏదో చుట్టుకొచ్చాడు.

"మేస్త్రిగారండీ, దొరికిందండీ! పళ్ళు లెక్కెట్టేనండీ, సరిపోయినియ్యండీ."

"ఓహో, లెక్కలు కూడా వచ్చా నీకు?" అన్నాను.

విప్పి చూశాను. కంత సరిపోయింది. మెడ సరిపోయింది. పాత గేరునీ దాన్నీ పక్కపక్కన పెట్టి, రెండింటి మెడా నావైపు తిప్పాను. పాతదానికి కుడిచెంప అరిగి ఉంది. ఇతగాడు తెచ్చినదానికి ఎడమచెంప నిగనిగలాడుతోంది.

"ఇది నీ కారుది కాదు. ఎదురు తిరిగే వేరే బండిది. తీసుకుపో."

"అది కాదండీ, ఇది మా మేనత్త దగ్గర..."

"మీ మేనత్త మేస్త్రీయా?"

షెడ్డులో ఉన్నవాళ్ళంతా నవ్వారు. అతను కూడా నవ్వాడు పాపం.

"ఓసారి బిగించి చూద్దామేమోనండీ..."

"బిగిస్తే ఉన్న గేర్లు కూడా విరుగుతాయి. నీకు తెలిస్తే నువ్వే బిగించుకో, నేను చేతులు కడుక్కుంటాను. ఎడమచెంపకీ కుడిచెంపకీ తేడా తెలియనివాళ్ళంతా కార్లు కొనడం, నా ప్రాణం తియ్యడం!"

"ఆయ్, మీకు తెలీనిదేముందండీ" అని మళ్ళీ గోనెపట్టాలో చుట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ వారమే కారు అమ్మేశాడు. ఇనుము కొట్టువాళ్ళు నా షెడ్డు ముందే సుత్తులతో విరగ్గొట్టి బండికెత్తారు.

నెల తిరిగాక ఆయిలింజను బాగుచెయ్యడానికి ఉప్పలగుప్తం వెళ్ళాను. దారిలో ఒక కొబ్బరితోటలో వీరాయమ్మ అనే పెద్దావిడ కొబ్బరిపీచు తాళ్ళు పేనే రాట్నం తిప్పుతోంది. ఆ రాట్నానికున్న గేరు చూసి ఆగిపోయాను. అదే!

"ఇది ఎక్కడిదమ్మా?"

"మా ఆయన దొరగారి బంగళా వేలంలో కొన్నాడండి. దొరగారి కారు సామానంటండి, కొత్తది, కాయితం కూడా ఇప్పలేదండి. ఎనిమిదేళ్ళనించీ దీనికే ఉంది. మొన్న మా మేనల్లుడు కారుకని ఊడదీసి ఇచ్చేను. పనికిరాదన్నారంట, మళ్ళీ తెచ్చిచ్చేడండి."

"దీన్ని ఎప్పుడూ ఇటే తిప్పుతారా?"

"అయ్యో, అటు తిప్పితే పురి ఇడిపోదాండీ? మీకా మాత్రం తెలీదా?"

ఆవిడకి నామీద జాలేసినట్టుంది. నేను వంగి చూశాను. ఎనిమిదేళ్ళు పీచు దుమ్ములోనూ ఇసకలోనూ తిరిగి తిరిగి ఎడమచెంప అరిగింది. కారుకి కావలసిన కుడిచెంప చెక్కు చెదరలేదు. అప్పుడే పెట్టెలోంచి తీసినట్టుంది. ఎక్కడిదయ్యా అని ఒక్క ముక్క అడిగితే సరిపోయేది. అతను చెప్పబోతే నోరు మూయించాను. థూ, నాదీ ఒక పనితనమేనా!

తరవాత కోటిపల్లి వెళ్ళే పనిబడి ముక్తేశ్వరం రేవుకి వెళ్ళాను. బుల్లబ్బాయి పడవలోంచి కొబ్బరికాయల బస్తాలు దింపుతున్నాడు. నన్ను చూడగానే బస్తా కింద పడేసి వచ్చాడు.

"బాగున్నారాండీ? ఆ రోజు మీరు చూసి వద్దనబట్టి సరిపోయిందండి. ఇంకోడైతే ఆ దిక్కుమాలినదాన్నే బిగించేసి నన్ను ముంచేసేవోడండి. అందరికీ మీ పేరే చెబుతున్నానండి."

నిజం చెప్పేద్దామనుకున్నాను. "ఆయ్" అన్నాను, అంతే. పనిముట్ల సంచీ బరువుగా ఉందని నా చేతిలోంచి లాక్కుని, తనే మోసుకొచ్చి పడవలో పెట్టాడు.