డెంగీ పోయాక

ల్యాబువాళ్ళు డబ్బా చేతికిచ్చి చూపించిన మరుగుదొడ్డిలో ఫినాయిలు వాసన, దాని అడుగున ఉచ్చ కంపు. గడియ లేని తలుపును ఒక చేత్తో పట్టుకుని జడ్సన్ ఆ పని ముగించాడు. ఆ మధ్యాహ్నం అన్నం సయించలేదు.

ముత్తుకూరు దగ్గర థర్మల్ ప్లాంటులో బొగ్గు మోసే బెల్టు మీద అతని పని. పెళ్ళై ఏడాదిన్నర, ఇంకా బిడ్డల్లేరు. మొన్న వానల్లో డెంగీ వచ్చి తొమ్మిది రోజులు ఆసుపత్రిలో పడి ఉన్నాడు. భార్య మెర్లిన్ పరీక్షలన్నీ బాగున్నాయని, ఇక నువ్వు చేయించుకోమని డాక్టరమ్మ చెబితే, ఎవరికీ చెప్పకుండా వచ్చాడు.

"వీర్యంలో కణాలు బాగా తక్కువ. డెంగీ తర్వాత కొందరికి ఇట్లా అవుతుంది. అంతకుముందు ఎట్లుండేదో మనకు తెలీదు. చాలామందికి తేరుకుంటాయి. మూడు నెలలాగి మళ్ళీ చూద్దాం," అంది డాక్టరమ్మ, ల్యాబు కాగితం చూసి.

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇంట్లో నోరు విప్పలేదు.

ఆదివారం నాడు, ప్రార్థనలకు పేరున్న రెబెక్కమ్మను జడ్సన్ తల్లి సామ్రాజ్యం ఇంటికి పిలిపించింది. నలుగురు ఆడవాళ్ళ మధ్య మెర్లిన్‌ను చాప మీద పడుకోబెట్టి, రెబెక్కమ్మ ఆమె పొట్ట మీద కొబ్బరినూనె పోసి అరచేత్తో రుద్దసాగింది. నూనె బొడ్డులోంచి పొంగి చీరలోకి కారింది. ఓ ఈగ వచ్చి వాలింది.

"ఈ గొడ్డు కడుపు తెరువు ప్రభువా!" అంది సామ్రాజ్యం.

మెర్లిన్ కళ్ళు మూసుకుని పళ్ళు బిగించింది. జడ్సన్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నోరు మూసుకుని చూస్తున్న తనమీద తనకే రోత పుట్టింది.

"ఆపండమ్మా! దోషం మెర్లిన్‌ది గాదు, నాది. డెంగీ వల్లంట." కాగితం తీసి విసిరాడు.

"నోర్ముయ్ అబ్బయా! దోమ కుడితే మగతనం పోతాదా యాడన్నా?" అంది సామ్రాజ్యం.

"మగతనం గాదమ్మా, బిడ్డలు పుట్టే కణాలు. జ్వరం తగ్గినా దాని చెరుపు ఒంట్లో మిగిలుండాది."

రెబెక్కమ్మ చేయి చాపకు తుడుచుకుని లేచింది. మెర్లిన్ మొగుడివైపు చూసింది.

"ఎప్పుడు తెలిసింది?"

"మంగళవారం."

ఆమె పెరట్లోకి పోయి ఒళ్ళు కందేదాకా సబ్బుతో రుద్దుకుంది. జడ్సన్ నీళ్ళు పోయబోతే, "నన్ను ముట్టుకోబాక," అంది.

మూడు నెలలకు కణాలు కొంత పెరిగాయి, ఇంకా చాలవు. ఈసారి మెర్లిన్ కూడా వెళ్ళి కాగితం తానే చదివింది. కోడలి దోషం ప్రార్థనతో పోయిందని సామ్రాజ్యం వీధంతా చెప్పుకొచ్చింది. అది విన్న జడ్సన్ తుపుక్కున ఉమ్మి, పక్కింటి వాకిట్లో నిలబడి అందరికీ వినబడేలా మళ్ళీ చెప్పాడు: "ఆమెకేం లేదు. దోషం నాదే."