పన్నెండు బొమ్మల టెంప్లేటు

కోరుట్ల బస్టాండు ఎదురుగా ఉన్న షట్టర్ల వరుసలో అభిలాష్ షాపు ఉండేది. బోర్డు మీద మోషన్ గ్రాఫిక్స్, వెబ్ డిజైనింగ్, ఫ్లెక్సీలు, పెళ్లి వీడియో మిక్సింగ్ అని రాయించాడు. చివరి రెండూ ఏమిటో ఊరికి తెలుసు. మొదటి రెండూ ఊరికి తెలియవు, అభిలాష్‌కు కూడా అంతంతమాత్రమే.

అతనికి నిజంగా వచ్చిన విద్య ఒక్కటే. ఎక్కడో ఎవరో చేసిపెట్టిన బొమ్మలోంచి వాళ్ల మొహం తీసేసి, అక్కడ మనవాళ్ల మొహం కూర్చోబెట్టడం. దానికి కావలసిన సరంజామా అంతా ఒక హార్డ్‌డిస్కులో ఉండేది. సిరిసిల్లలో మరమగ్గాలు నడిపే ఇంటి ఆడపిల్ల సంధ్యారాణి హైదరాబాద్‌లో యానిమేషన్ నేర్చుకుని వచ్చింది. ఆమెను బతిమాలి కాపీ చేయించుకున్న డిస్కు అది. ఎగిరే గులాబీలు, తిరిగే భూగోళాలు, బంగారు అక్షరాలు, పేరు మారిస్తే చాలు తయారయ్యే వెబ్‌సైట్లు, అన్నీ ఉన్నాయి అందులో. "తెలంగాణ పల్లె" అనే ఫోల్డరు తెరిస్తే మాత్రం కొబ్బరిచెట్లూ కాలవల్లో పడవలూ కనబడేవి. కోనసీమ బొమ్మలకు ఆ పేరు పెట్టింది అభిలాషే. సొమ్మొకడిది సోకొకడిది అంటారు. ఆ సోకు మీదే అతని షాపు నడుస్తూ ఉండేది.

అది సకల జనుల సమ్మె కాలం. బడులు లేవు, బస్సులు లేవు, ఆఫీసులు లేవు. ఫ్లెక్సీలు మాత్రం ఉన్నాయి. పూటకొక నాయకుడు పుట్టేవాడు, పుట్టగానే అభిలాష్ షాపుకు వచ్చేవాడు. ఫ్లెక్సీ మీద ఎవరి తలకాయ ఎంత ఉండాలన్నది పెద్ద శాస్త్రం. పెద్ద నాయకుడిది గుమ్మడికాయంత, మండల నాయకుడిది సొరకాయంత, పైసలిచ్చి అచ్చు వేయించిన వాడిది నిమ్మకాయంత. ఈ లెక్క తప్పితే ఉద్యమం రెండు ముక్కలయ్యేది.

ఆ నాయకుల్లో ముఖ్యుడు జలపతి. బియ్యం మిల్లు ఉంది, గొంతు ఉంది, తెల్లని బట్టలున్నాయి. కాబట్టి పోరు కమిటీకి అతనే అధ్యక్షుడయ్యాడు. మొదట కమిటీకి వెబ్‌సైటు కావాలన్నాడు. అభిలాష్ ఒక పళ్లరసాల కంపెనీ టెంప్లేటు తీసి, బత్తాయి పండు ఉన్నచోట జలపతి మొహం పెట్టి ఇచ్చాడు. మధ్యలో నాలుగు పేరాల లాటిన్ ముక్కలు ఉండిపోయాయి. అవి టెంప్లేటులో ఖాళీ చూపడానికి పెట్టేవి. వాటి బదులు ఏం రాయాలో అభిలాష్‌కు తోచలేదు. జలపతి ఆ పేరాల మీద వేలు పెట్టాడు.

"గిదేం ఇంగ్లిషు తమ్మీ?"

"ఇంగ్లిషు గాదన్నా, లాటిన్."

"మంచిది. ఉండనియ్యి. అర్థమైతె మంది ప్రశ్నలడుగుతరు."

ఆ తెలివికి అభిలాష్ మురిసిపోయాడు. జలపతి కూడా అతని భుజం తట్టి, తెలంగాణ అచ్చినంక సర్కారు గ్రాఫిక్సులన్నీ నీకే ఇప్పిస్తానని మాటిచ్చాడు. ఇలాంటి మాటలతో జలపతి అప్పటికే చాలామందికి చాలా ఇచ్చేశాడు.

తర్వాత పెద్ద పని వచ్చింది. జగిత్యాలలో బహిరంగ సభ. వేదిక వెనకాల అద్దెకు తెచ్చే పెద్ద తెర. దాని మీద, ఉద్యమంలో ప్రాణాలు పోయిన ఈ ప్రాంతపు పిల్లల ఫోటోలు ఒక్కొక్కటీ వెలుగుతూ రావాలి, చూసినవాళ్లు ఏడవాలి. అభిలాష్ డిస్కంతా వెతికి ఒక టెంప్లేటు పట్టాడు. అది ఏదో అమెరికా కంపెనీ, నెలకొక మంచి ఉద్యోగిని మెచ్చుకోవడానికి చేయించుకున్నది. అందుకే అందులో పన్నెండు జాగలున్నాయి. రాలే రంగుకాగితాలను బంతిపూలు చేశాడు, ఈలల బదులు డప్పు పెట్టాడు. అమెరికా గుమాస్తాల సంబరం అమరుల నివాళి అయిపోయింది.

ఒక్కటే చిక్కు. కమిటీ ఇచ్చిన ఫోటోలు పదకొండు. పన్నెండో జాగలో నల్లకోటు వేసుకున్న తెల్లదొర పళ్లికిలిస్తూ ఉండిపోయాడు. అతన్ని తీసేస్తే జాగ నల్లగా మిగులుతున్నది, జాగే తీసేస్తే మొత్తం బొమ్మ ఆగిపోతున్నది. సిరిసిల్లకు ఫోన్ చేశాడు.

"గది ఒకదానికొకటి ముడివడి ఉంటది" అన్నది సంధ్యారాణి, వెనక మరమగ్గాల చప్పుడులోంచి. "ఒక్క పోగు గుంజినవనుకో, బట్టంత ఊడుతది. నీకు విప్పస్తదా?"

"రాదు."

"అయితె ఇంకో ఫోటో ఎతుక్కో."

ఆ మాట విన్నట్టే మరునాడు ఐలమ్మ వచ్చింది. ఆమెదీ అభిలాష్‌దీ బుగ్గారమే, పక్కపక్క ఇండ్లు. కూలికి పోయే మనిషి. ఆమె ఒక్కగానొక్క కొడుకు రాకేశ్ మొన్నటి ర్యాలీకి పోతూ, జనం కిక్కిరిసిన డీసీఎం వ్యాను మీదినుంచి పడి చనిపోయాడు. చేతిలో జెండా ఉండింది. ఆ వ్యాను కిరాయికి పెట్టింది జలపతే.

కొంగు ముడి విప్పి ఒక ఫోటో తీసి ఇచ్చింది. ఇంటర్ హాల్‌టికెట్టు మీదిది. బొటనవేలి గోరంత ఉంది, సగం మీద కాలేజీ ముద్ర. హాల్‌టికెట్టు ఫోటోలో నవ్వకూడదని ఎవరూ చెప్పినట్టు లేదు, పిల్లవాడు నవ్వుతున్నాడు.

"గా పెద్ద తెర మీద అందరు పోరగాండ్లు అస్తరట గదా కొడుకా. మావోన్ని గూడ పెట్టరాదు. మంది కోసమే పాయె గదా వాడు. ఊళ్లె తాగి పడ్డడంటున్రు. మందిల ఒక్కపారి వాని మొకం గనవడితె సాలు నాకు."

అభిలాష్‌కు జాలి కలిగిందని చెప్పాలని ఉంది గానీ, ముందు కలిగింది సంతోషం. పన్నెండో జాగ నిండింది కదా. వెంటనే స్కానింగు చేసి పెద్దది చేశాడు. మొహం గడులు గడులుగా చెదిరిపోయింది.

"ఇందుల పిక్సెల్లు తక్కువున్నయి చిన్నమ్మా. పెద్దగ జేస్తె పలుగుతది."

"ఏడ దొరుకుతయి గవి? జగిత్యాలల దొరుకుతయా? జెప్పు, పోయి దెస్త."

అభిలాష్ తన డిస్కులో లేనిదంటూ లేదని అందరితో గొప్పలు చెప్పుకునేవాడు. ఉండనియ్యి చిన్నమ్మా, నేను చూసుకుంటా అని పంపించేశాడు.

సాయంత్రం జలపతి వచ్చి చూశాడు. పదకొండో బొమ్మ దాకా మెచ్చుకోలుగా తల ఊపాడు. పన్నెండోది రాగానే కుర్చీలో వెనక్కి జరిగాడు.

"గీడెవడు?"

"బుగ్గారం రాకేశ్ అన్నా. ఐలమ్మ కొడుకు. డీసీఎం మీదికెల్లి పడ్డడు గదా."

"అది యాక్సిడెంటు తమ్మీ. యాక్సిడెంటుకు, అమరత్వానికి ఫరకున్నది. రేపు గా బండి ఎవలిది, అంతమందిని ఎవలెక్కిచ్చిన్రు అని అడుగుతరు. అయినా గీ మొకమేంది, గచ్చు బండలు పరిసినట్టు? తీసెయ్యి."

"తీసేస్తె జాగ ఖాళీగుంటదన్నా."

జలపతి కాసేపు ఆలోచించాడు. ఆలోచిస్తున్నప్పుడు అతని మొహం ఫ్లెక్సీలో ఉన్నట్టే ఉండేది. తర్వాత మనిషిని ఇంటికి పంపి, గోడకున్న తండ్రి పటాన్ని తెప్పించాడు. రుమాలు చుట్టుకున్న చంద్రయ్య. మంచి స్టూడియో ఫోటో, మీసం వెంట్రుకలు కూడా లెక్కపెట్టవచ్చు. ఆయన రెండేళ్ల కింద దగ్గుతో, తన మంచంలో, నిండు వయసులో పోయాడు.

"బాపు ఉద్యమంల ఉన్నడా అన్నా?" అని అడిగాడు అభిలాష్.

"లేకేంది? అరవై తొమ్మిదిల రైలు ఆపిన్రు గదా, గా రైలు కాడ ఉన్నడు."

"ఆపినోళ్లలనా?"

"ఆగినోళ్లల. లోపట కూసున్నడు. ఎట్లయినా కష్టపడ్డడా లేదా? పేరొక్కటే రాయి, నా తండ్రని రాయకు. మందికి తర్వాత ఎర్కైతది."

మరునాడు పొద్దున జలపతి వచ్చి మళ్లీ చూసుకున్నాడు. పదకొండు మంది పిల్లల వెనక రుమాలు చుట్టుకున్న ముసలాయన బంతిపూల మధ్య వెలిగిపోయాడు. జలపతి కళ్లు తుడుచుకుని, ఇదే ఖాయం చెయ్యి అని జగిత్యాల వెళ్లిపోయాడు. అభిలాష్ రెండర్ పెట్టాడు. అంటే కంప్యూటరు ఆ బొమ్మలన్నిటినీ కూర్చి ఒక వీడియోగా వండడం. అది ఉడికేదాకా కరెంటు పోకూడదు.

కరెంటు పోయింది. బొగ్గు గనుల్లో సమ్మె, కరెంటు కోత. కోత పెట్టించిన సమ్మె గెలవాలని షాపు షట్టరు మీద అభిలాషే స్టిక్కరు అంటించాడు, కాబట్టి తిట్టడానికి కూడా వీల్లేదు. మళ్లీ వచ్చేదాకా చీకట్లో కూర్చున్నాడు. బల్ల మీద రెండు ఫోటోలు ఉన్నాయి. ఒకటి అద్దం పటం, ఒకటి గోరంత కాగితం. ఏడ దొరుకుతయో జెప్పు, పోయి దెస్త అన్న మాట చెవిలో తిరుగుతూనే ఉంది. తన మీద తనకే రోత పుట్టింది. సర్కారు గ్రాఫిక్సుల మీద ఆశ చావలేదు, అదీ ఉంది. కరెంటు వచ్చేసరికి రోత గెలిచింది. పటాన్ని గోడకు తిప్పి పెట్టి, పన్నెండో జాగలో గడుల మొహాన్ని కూర్చోబెట్టి, కింద బంగారు అక్షరాలతో పేరు రాసి మళ్లీ రెండర్ పెట్టాడు. ఈసారి కరెంటు పోలేదు.

సభ నాడు జగిత్యాల మైదానం నిండింది. కొండగట్టు నుంచి వెల్గటూర్ దాకా ఏ ఊరు వాళ్లు లేరని చెప్పలేం. అభిలాష్ వేదిక పక్కన, తెర కిందే ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాడు. ఐలమ్మ ఎక్కడో వెనకాల జనంలో ఉంది. వేదిక మీది పెద్దలంతా తెరకు వీపు పెట్టి నిలబడ్డారు, టీవీ కెమెరా ఎదురుగా ఉంది మరి. కెమెరా ఉన్నప్పుడు వెనక్కి తిరిగే నాయకుడు ఆ జిల్లాలో ఇంకా పుట్టలేదు.

డప్పు మోగింది. పిల్లల మొహాలు ఒక్కొక్కటే వచ్చాయి. జలపతి వెనక్కి చూడకుండానే డప్పు దెబ్బలను బట్టి వేళ్లు ముడుస్తూ లెక్క పెట్టుకుంటున్నాడు. పన్నెండోది వచ్చి, టెంప్లేటు ప్రకారం అక్కడే నిలిచిపోయింది. కింద కూర్చున్న అభిలాష్‌కు నల్లగా తెల్లగా పలకల వరుసలు తప్ప ఏమీ కనిపించలేదు. ఇంత పాడు పని చేశానా అనుకున్నాడు. అప్పుడు మైదానం చివర నుంచి జనం లేచి నిలబడటం మొదలైంది. జోహార్లు మిన్నంటాయి.

జలపతి కళ్లలో నీళ్లు తిరిగాయి. మైకు అందుకున్నాడు.

"అన్నలారా, అక్కలారా. గా ఆఖరు మొకం జూసిన్రు గదా. గాయిన నా మనిషి. నా రక్తం. గాయిన ప్రాణం పోయిందంటె నా ఇంట్ల దీపం మలిగినట్టు. రేపు కట్టే స్తూపం మీద గాయిన పేరు ఎక్కియ్యకపోతె, నేను జలపతినే గాదు."

చప్పట్లు ఇంకా ఆగకముందే జనాన్ని తోసుకుంటూ ఐలమ్మ వేదిక ముందుకు వచ్చింది. చేతులు రెండూ ఎత్తి మొక్కింది.

"యాక్సిడెంటన్నవని ఇన్న సారూ, మనసుల బాధపడ్డ. ఇయ్యాల నా కొడుకును నీ రక్తమన్నవు. నీ కడుపు సల్లగుండ. గట్లనే పేరు గూడ నీ నోటితోని జెప్పు."

టీవీ కెమెరా ఆమె మీదికి తిరిగి మళ్లీ జలపతి మీదికి తిరిగింది. అప్పుడతను మొదటిసారి వెనక్కి చూశాడు. రుమాలు లేదు, మీసం లేదు. గచ్చు బండలున్నాయి, వాటి కింద బంగారు అక్షరాలున్నాయి. అది మా బాపు అనుకున్నా అనడానికి లేదు. ముసలాయన అందులోకి ఎట్లా వచ్చాడని అడుగుతారు. తేలు కుట్టిన దొంగలా మైకు దగ్గరికి లాక్కుని చదివాడు.

"బుగ్గారం... రాకేశ్. జోహార్."

మైదానమంతా ఆ పేరు అన్నది. ఒక్కసారి కాదు.

జలపతి దిగి వచ్చి అభిలాష్ చెవి దగ్గర నోరు పెట్టాడు.

"మా బాపు ఏడ వోయిండ్రా?"

"పన్నెండే జాగలున్నయన్నా" అన్నాడు అభిలాష్, ల్యాప్‌టాప్ మూసేస్తూ.

సర్కారు గ్రాఫిక్సులు ఆ పూటతోనే పోయాయి. కమిటీ పనులు మెట్‌పల్లిలో ఇంకొకడికి వెళ్లాయి. వాడి డిస్కులోనూ అవే కొబ్బరిచెట్లు ఉన్నాయని తర్వాత తెలిసింది. స్తూపం మీద మాత్రం పేరు ఎక్కక తప్పలేదు, టీవీలో చెప్పాడు కదా.

జనం వెళ్లిపోతుండగా ఐలమ్మ వచ్చింది. అభిలాష్ తల ఎత్తలేదు.

"గడులు గడులుగ అచ్చింది చిన్నమ్మా. నాకు మంచిగ జేసుడు రాలే."

"ఏం గడులు? నేను ఆడ ఎనుక కూసున్న. దూరంకెల్లి మొకమే గనవడ్డది" అన్నది. "నవ్వు గూడ గనవడ్డది కొడుకా."

అతను జేబులోంచి గోరంత ఫోటో తీసి ఇచ్చాడు. ఆమె దాన్ని కొంగుకు ముడి వేసుకుని, బుగ్గారం ఆటో కోసం రోడ్డు దాటింది.