తడి గరిటె

"ఆవకాయ జాడీలో తడి గరిటె పెట్టిందెవరు?"

రత్నకుమారి వంటింటి గుమ్మంలో జాడీ పట్టుకుని నిలబడింది. అంచు చుట్టూ తెల్లగా బూజు.

"పొద్దున్నే పచ్చడి గొడవేంటమ్మా!" అని విసుక్కున్నాడు ఫణీంద్ర.

"గొడవా? ఏడాది తిండిరా! ముక్క ముక్కా గుడ్డతో తుడిచి పెట్టాను."

ఆవిడ చూపు గిన్నెలు తోముతున్న సాలమ్మ చేతుల మీద ఆగింది. పొయ్యి దగ్గరున్న ఛాయాదేవి ఇటు తిరగలేదు. ఆ గరిటె పెట్టింది తనే. వారం కిందట భర్తకి క్యారియర్ సర్దే తొందరలో, అప్పుడే కడిగినదాన్ని తుడవకుండా ముంచేసింది. చెబుదామని నోరు తెరిచింది కూడా. అంతలోనే, "మా కోడలు అలాంటి పని చెయ్యదు" అంది అత్తగారు. పన్నెండేళ్ళ కాపురంలో ఆవిడ నోట విన్న రెండో మెచ్చుకోలు అది. ఛాయాదేవి నోరు మూసుకుంది.

మర్నాటి నుంచి సాలమ్మను రావద్దన్నారు. ఆ అంట్ల గిన్నెలూ ఛాయాదేవి చేతికే వచ్చాయి.

మధ్యాహ్నం పనులయ్యాక ఆమె ఒక వారపత్రిక పోటీకి కథ రాస్తోంది. అందులో అత్త గయ్యాళి, కోడలు ముత్యం. "బాగుంది. నీలాగే ఈ పిల్లా ఎవర్నీ నొప్పించదు" అని మెచ్చుకున్నాడు ఫణీంద్ర. ముగింపు మాత్రం కుదరడం లేదు. అత్త నోట పెట్టిన ప్రతి మాటా తను ఈ ఇంట్లో విన్నదే, అయినా ఆ అత్త అబద్ధంలా ఉంది. టైఫాయిడ్ వచ్చినప్పుడు తన తల ఒళ్ళో పెట్టుకుని ఇరవై రోజులు జావ తాగించిన మనిషిని కథలోకి రానివ్వలేదు మరి. గరిటెనీ రానివ్వలేదు. మంచి కోడలన్న పేరు నిలవాలంటే ఇంకెవరో చెడ్డవాళ్ళు కావాలి. ఇంట్లో ఆ చెడ్డపేరు మోయడానికి సాలమ్మ దొరికింది, కథలో అత్త.

శనివారం నాచారం కూరగాయల మార్కెట్లో సాలమ్మే ఎదురైంది.

"మంచిగున్నవా అమ్మా? నేను మల్లాపూర్‌ల ఒక కంపినీకి పోతున్న. డబ్బలకు కాయితాలు అంటిచ్చుడు."

"పని పోయిందని కోపంగా ఉందా, సాలమ్మా?"

"పని గాకుంటె ఇంకో పని. పెద్దమ్మ ఒర్రుడు నాకు కొత్తనా? ఆమె ఎన్ని తిట్టినా ఫికర్ లేకుండె." సాలమ్మ చింతచిగురు సంచిలో వేసుకుంది. "నువ్వు నా దిక్కు సూడకపోతివి. గదే నొచ్చింది."

ఛాయాదేవి కూరగాయలు సగంలోనే వదిలి ఇంటికి నడిచింది.

రాత్రి భోజనాల దగ్గర పప్పు వడ్డిస్తూ అంది: "అత్తయ్యా, ఆ తడి గరిటె పెట్టింది నేను."

రత్నకుమారి చేతిలో ముద్ద ఆగిపోయింది. "అప్పుడే చెప్పి ఏడవచ్చుగా!"

"చెప్పలేదు. మంచిదాన్ని అనిపించుకోవాలనుకున్నాను. రేపు సాలమ్మ ఇంటికెళ్ళి ఈ మాట ఆమెకీ చెబుతాను. కథ కూడా మార్చాను. గరిటె పెట్టేది కోడలే, నోరు మూసుకునేదీ కోడలే. జావ తాగించేది అత్త. నా పేరుతోనే పంపుతున్నాను."

"నీకేమన్నా పిచ్చా?" అన్నాడు ఫణీంద్ర. "కాలనీలో అందరూ ఆ కోడలు నువ్వే అనుకుంటారు."

ఛాయాదేవి తన కంచం తెచ్చుకుని, మొదటిసారి వాళ్ళతో పాటే పీటేసుకుని కూర్చుంది.

"నేనే కదండీ."