చలువ చేసిన చొక్కా

ఆ అత్తాకోడళ్ల లాండ్రీలో తెల్లబట్టలకు మందులు వాడరు. సబ్బు పెట్టి ఉతికి, పెరట్లో గడ్డి మీద పరిచి, ఆరకుండా మధ్యమధ్య నీళ్లు చల్లుతారు. పొద్దువాలేసరికి మరకన్నది మాయమవుతుంది. చలువ చేయడమంటే అదీ.

"నిప్పులు చెరిగే ఎండలో పడేసి చలువంటావేంటమ్మా?" అని అత్తని కొడుకు ఏడిపించేవాడు.

"ఎండదేముందిరా, కాల్చడమే దానికి తెలుసు. తెలుపు తెచ్చేది చల్లదనం. తడారిందా, మరక అక్కడే కూచుంటుంది. ఆ పేరు అందుకే వచ్చిందని మా అత్త చెప్పేది."

నిజమో కాదో ఎవడికెరుక, ఆ ఇంట్లో మాత్రం దానికి తిరుగులేదు.

కొడుకుని అందరూ నిదానం అనేవాళ్లు. స్నానానికెళ్తే పూటంతా అక్కడే. మనిషి బతుకులో తొందరపడింది ఒక్కసారే. పోయిన వారం టీ తాగుతూ గుండె పట్టుకున్నాడు, గ్లాసు కింద పెట్టేలోపే పోయాడు.

కోడలికి ఏడుపు రాలేదు. "రాయి" అన్నారు చుట్టాలు. కాబోలు అనుకుంది. అన్నం తింటోంది, ఉప్పుందో లేదో తెలియడం లేదు.

అత్త అడిగింది ఒక్కటే. "వాడి ఆఖరి చొక్కా ఉతక్కే. మెడపట్టీలో వాడి వాసనుంది. అది నాకుండనీ."

"సరే అత్తయ్యా" అని కోడలు చొక్కాని తలుపు వెనక కొక్కేనికి తగిలించింది. ఉతకాల్సినవి తగిలించే కొక్కెం అది. ఆ ధ్యాసే లేదు.

మళ్లీ కొట్టు తెరిచిన రోజు చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. గడ్డి మీద నీళ్లు చల్లుతుంటే ఒక చొక్కాకి నీలం దారంతో కుట్టిన గుండీ కనిపించింది. తెల్లదారం దొరక్క తను కుట్టిందే. ఎవరింట్లోనో జరిగినట్టు దానికేసి చూస్తూ నిలబడింది.

అత్త వచ్చి వంగి, మెడపట్టీ ముక్కుకి ఆనించుకుంది. సబ్బు వాసన.

"తిట్టు అత్తయ్యా."

అత్త తిట్టలేదు. పరాయివాళ్ల బట్టని చూసినట్టే వెలుగుకి ఎత్తి, అటూ ఇటూ తిప్పింది.

"బాగా వచ్చిందే. చిన్న మరక కూడా లేదు."

ఆ మాట తన చెవినే పడింది. తర్వాత చొక్కాని మళ్లీ గడ్డి మీద పరిచి, దాని చేతులు బార్లా చాపి సర్దింది.

"ఆరిపోతోంది, చల్లు."

కోడలు చల్లింది. పొద్దువాలింది, మిగతా బట్టలన్నీ లోపలికి వెళ్లాయి. ఆ ఒక్కదాన్నీ ఇక ఆరనిద్దామని ఇద్దరిలో ఎవరూ అనలేదు.