నా రక్తం పాడు కాకూడదట

మా ల్యాబులో నన్ను ‘ఖాళీ మేడం’ అంటారు. ఖాళీ బుర్రలో కాదు, రక్తంలో. మెనింజైటిస్ అని మెదడు పొరలకు పట్టే మాయదారి జబ్బు ఒకటుంది కదా, దాని క్రిమిని ఎదిరించే యాంటీబాడీలు నా ఒంట్లో మచ్చుకైనా లేవు. ఇక్కడ అదే నా అర్హత. కష్టపడి చదివిన పీహెచ్‌డీ అటకెక్కింది.

సంగతేమిటంటే, టీకా వేయించుకున్నవాళ్ల సీరాన్ని, అంటే రక్తం గడ్డకట్టాక మిగిలే తేటని, బతికున్న క్రిములతో కలిపి చూడటం మా పని. యాంటీబాడీలు వెళ్లి క్రిమికి అంటుకుంటాయి. అంటుకుంటే సరిపోదు. చంపేది రక్తంలో ఉండే వేరే ప్రోటీన్లు. యాంటీబాడీ గట్టిగా, సరైన చోట పట్టుకుంటేనే అవి కదులుతాయి. ఆ చంపే ప్రోటీన్లను నా రక్తంలోంచి తీస్తారు. నాకు సొంత యాంటీబాడీలు ఉంటే క్రిములు వాటికే చచ్చి ఊరుకుంటాయి, టీకా గొప్పేమిటో తేలదు. అందుకని నేను టీకా వేయించుకోకూడదు. రోజంతా ఆ క్రిముల మధ్యే పని, ఇంటికెళితే చంకెక్కే చంటిది. ఏం న్యాయమండీ ఇది?

“సార్, బయట దొరికే పాత టీకా వేయించుకుంటాను” అని డైరెక్టరు గారిని అడిగినప్పుడల్లా ఒకటే పాట.

“అయ్యో, అంత పని చేయకండమ్మా! రక్తం పాడైపోదూ? ఈ బ్యాచ్ ఒక్కటి గట్టెక్కనివ్వండి.”

ఇంట్లో అమ్మ రుసరుసలాడేది. “రక్తం పీల్చింది చాలక ప్రాణం కూడా కావాలటా వాళ్లకి? మానేసి రావే తల్లీ.”

ఇంతలో మా కొత్త టీకా తయారైంది. ప్రయోగంగా వేయించుకున్నవాళ్లలో యాంటీబాడీల అంకె చూసి డైరెక్టరు గారికి కాళ్లు నేల మీద ఆనలేదు. కేకు తెప్పించారు.

“అంకె సరే సార్, అవి క్రిమిని చంపుతున్నాయా? ఆ పరీక్ష కూడా కానివ్వండి” అన్నాను.

“శుభమా అని కేకు కోస్తుంటే ఆ అపశకునం మాటలేమిటమ్మా?”

బోర్డు సభ్యులొచ్చారు, కెమెరాలొచ్చాయి. డైరెక్టరు గారు చొక్కా చెయ్యి మడిచి, పళ్లన్నీ కనబడేలా నవ్వుతూ సిబ్బందిలో తొలి సూది వేయించుకున్నారు. తర్వాత సిబ్బంది అందరికీ వరసగా వేశారు. ఆ హడావుడిలో నా సంగతి ఆయన మరిచిపోయారు. నేనెందుకు గుర్తు చేస్తాను? నోరు మూసుకుని చెయ్యి చాపాను. యాంటీబాడీలు పుట్టే గడువు దాటాక చంటిదాన్ని తనివితీరా ముద్దాడాను. ఏడుపొచ్చింది.

ఆయనకు ఆలస్యంగా గుర్తొచ్చింది. “కొంప ముంచారు కదమ్మా! ఇంత చక్కటి ఖాళీ రక్తం మళ్లీ ఎక్కడ దొరుకుతుంది?”

అందరి రక్తమూ తీశాం. యాంటీబాడీల అంకె అందరికంటే నాదే ఎక్కువ. ఆయన తల పట్టుకున్నారు, నాకేమో లోలోపల ఒకటే సంబరం. అయినా రక్తం ఇంకా పనికొస్తుందేమోనన్న ఆశ చావక, నా సీరంలో క్రిములు కలిపి ప్లేటు మీద పోయమన్నారు. పనిలో పనిగా మిగతావాళ్లవీ పోశాను.

మర్నాడు నా ప్లేటు నిండా చుక్కలే. క్రిములు చావడం మాట అటుంచి, హాయిగా కాపురాలు పెట్టుకున్నాయి.

డైరెక్టరు గారు ఎగిరి గంతేశారు. మాస్కు గడ్డం కిందికి లాగి, ప్లేటు మూత తీసి, ముక్కు ఆనేంత దగ్గరగా వంగి చూశారు. “హమ్మయ్య! మీ రక్తం చెక్కుచెదరలేదమ్మా! మళ్లీ మన పనికొస్తుంది!”

స్టూలు లాక్కుని కూర్చున్నాను. ఏ ధైర్యంతో చంటిదాన్ని ముద్దాడానో తలుచుకుంటే భయమేసింది, ఆ వెంటనే ఒళ్లు మండింది.

“నా రక్తం మీ పనికొస్తోందంటే మీ టీకా నాకు పనికిరాలేదని సార్. యాంటీబాడీలు బోలెడు పుట్టాయి. ఒక్కదానికీ పట్టు లేదు.”

“మీ ఒంటితత్వం అలాంటిదేమో...”

“అందరివీ అంతే. మీ చెయ్యి పక్కనున్నది మీ సీరం ప్లేటే.”

ఆయన అటు చూశారు. నా ప్లేటులో కంటే అందులోనే చుక్కలెక్కువ. మూత మెల్లగా మూసి, మాస్కు కళ్లదాకా లాక్కుని, వెనక్కి వెనక్కి నడిచి తలుపుకి అతుక్కున్నారు.

“అమ్మా... ఆ పాత టీకా ఎక్కడ వేస్తారు?”

“ముందు బోర్డుకి ఫోన్ చేసి మన టీకా ఆపించండి. తర్వాత అడ్రసు చెప్తాను.”