ఒక్క పూత సిరా

స్కేలు ఆనించి, బ్రష్షును సిరాలో ముంచి, ఆయన ఇంకో వాక్యాన్ని పూడ్చేశాడు. ఆఫీసులో అందరికీ ఆయన సిరా మాస్టారు. ప్రభుత్వ నివేదికలు జనానికి చేరేముందు, చేరకూడని వాక్యాల మీద నల్లగీత పెట్టడం ఆయన పని. ఇరవై ఆరేళ్లుగా అదే. గోళ్లలో చేరిన నలుపు సెలవుల్లో కూడా వదలదు. గీసిన కాగితాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే కింది అక్షరాలు కనిపిస్తాయి. అందుకే దాన్ని జిరాక్సు తీసి, ఆ నకలునే బయటికి పంపుతారు. అసలుది బీరువాలోకి పోతుంది.

ఇవాళ్టిది వాతావరణ మార్పు వల్ల దేశభద్రతకు వచ్చే ముప్పు మీద పరిశోధన. ముప్పంటే సముద్రమే అనుకున్నాడు. ముప్పై రెండో పేజీలో అసలు సంగతి తెలిసింది. నౌకాదళ గిడ్డంగి గోడ ఎత్తు పెంచుతారు. గోడకు కొట్టుకున్న నీళ్లు పక్కనున్న పల్లపు వీధుల మీదికి మళ్లుతాయి. పదేళ్లలో అక్కడ ఇళ్లుండవు. ఆ జనం వచ్చి గిడ్డంగి గేటు మీద పడతారేమో, అదీ ముప్పు.

ఆ వీధుల్లో మూడోదాంట్లోనే ఆయన చెల్లెలి ఇల్లు.

పరిశోధనాధికారి బిస్కెట్టు నములుతూ వచ్చాడు. పొడి నివేదికలోని పటం మీద, సరిగ్గా ఆ వీధుల మీద రాలింది. చిటికెన వేలితో అద్ది, ఆ వేలు నాక్కున్నాడు.

"ఆ పేరా మొత్తం లేపెయ్యండి మాస్టారూ."

"అక్కడ మనుషులున్నారండీ."

"ఉన్నారు కాబట్టే లేపెయ్యమంటున్నా! లేకపోతే మీకీ శ్రమ దేనికి?" తన జోకుకు తనే నవ్వుకున్నాడు.

టీ ఇచ్చే ఆవిడ మాస్టారి ముఖం చూసి, గ్లాసు మీద మూత పెట్టి వెళ్లింది.

మధ్యాహ్నం చెల్లెలు ఫోన్ చేసింది. "అన్నయ్యా, మేస్త్రి వచ్చి కూర్చున్నాడు. మేడమీద గది మొదలెట్టమననా?"

"ఆగమ్మా."

"ఎందుకట?"

"వచ్చి చెబుతా."

"నీ రాకలకో దండం! పోయినేడూ ఇదే మాట."

ఆమె ఒక్కదాని చెవిలో చెబితే సరిపోయేది. మిగతా రెండు వందల ఇళ్లో? ఇన్నేళ్లలో ఇలాంటివి ఎన్ని పూడ్చాడో తనకే గుర్తులేదు. తన చేతులు చూస్తే తనకే రోత పుట్టింది.

సాయంత్రం ఆ పేరా మీద ఒక్క పూతే పూశాడు. జిరాక్సు తీసి, నకలును బీరువాలో పెట్టి తాళం వేశాడు. అసలు కాగితాన్ని పత్రికలవాళ్లకు వెళ్లే కవరులో పెట్టి అంటించి ప్యూను చేతికిచ్చాడు.

"తొందరగా బయల్దేరారే?" అన్నాడు ప్యూను.

"చెల్లెలింటికి."

ఆయన మళ్లీ ఆ ఆఫీసు మెట్లు ఎక్కలేదు. మర్నాడు పొద్దున కుర్చీ వీపున ఆయన చేతులు తుడుచుకున్న తువ్వాలు వేలాడుతూనే ఉంది, ఎండిన మడతల్లో ఐదు వేళ్ల నలుపుతో.